చదివి వినిపించడమైనది

“ముందుగాల దాన్ని దస్తర్‌ఖాన్ మీదికెల్లి తియ్యి,” అన్నాడు మహమూద్.

“తియ్య.”

“అన్నం ముంగట గలీజు పెట్టుకొని తింటరా ఎవరన్న?”

“గలీజని నువ్వే అంటానవ్ అబ్బా. నేననలే,” అంది కూతురు రుహీ.

కింద పరిచిన ఆ భోజనాల బట్ట మీద, బగారన్నం పళ్ళేనికీ దాల్చా గిన్నెకూ నడుమ ఉంది ఆ పాత షార్ట్‌హ్యాండ్ నోటుబుక్కు. అట్ట ఒక మూల ఎలుక కొరికింది. మీద నాలుగేళ్ళ కిందటి తేదీ. దాని పక్కనే రుహీ పొద్దున టైపు చేయించుకొచ్చిన అఫిడవిట్. అందులో మహమూద్ సంతకం తప్ప అన్నీ ఉన్నాయి.

మహమూద్ భార్య సుల్తానా బేగం గరిటె పట్టుకొని ఎటూ తేల్చుకోలేక నిలబడింది. జుమ్మా నమాజు చేసి వచ్చిన మనిషికి కడుపునిండా అన్నం పెట్టడం మండిబజారులోని ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళ రివాజు. ఈ శుక్రవారం దాల్చా చల్లారి పైన నూనె పేరుకుంటున్నా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

“తిని కొట్లాడుకోండ్రి,” అందామె. ఆ మాట ఇద్దరిలో ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

“సోమవారం హన్మకొండల మల్లక్క అప్పీలు అబ్బా. నడుమ పని దినం రేపొక్కటే ఉన్నది. నోటరీ దగ్గరికి రేపు పదకొండుకు పోవాలె. వస్తవా, రావా? అదొక్కటి చెప్పు.”

“రాను.”

“ఎందుకు?”

“నేను స్టెనోను బేటీ. రిటైరైనా స్టెనోనే. జడ్జి సాబ్ చెప్పింది కొట్టిన. స్టెనో చేతులకు దిమాగ్ ఉండొద్దు.”

“దిమాగ్ లేని చేతులు ఇదెట్ల రాసినయ్ మరి?” రుహీ నోటుబుక్కు అట్ట మీద వేలు పెట్టింది.

మహమూద్ తన పళ్ళేన్ని దానికి దూరంగా జరుపుకున్నాడు.

కోర్టులో సాక్షి తెలుగులో చెప్తుంది. జడ్జి విని, తనకు కావలసినంత ఇంగ్లీషు చేసి స్టెనోకు చెప్తాడు. స్టెనో అదే టైపు చేస్తాడు. సాక్షి అదే కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. ఆ పైన లోకంలో ఏ జడ్జి అయినా చదివేది ఆ కాగితమే. జడ్జి రాంచందర్ సారుకు మధ్యలో ఆపి “ఏమన్నది మహమూద్?” అని అడిగే అలవాటు. అందుకని మహమూద్ సాక్షి నోట వచ్చిన మాటలు వచ్చినట్టే గీతల్లో దింపుకొనేవాడు. ఆ బుక్కులు ఆఫీసులో అప్పగించాలి. అప్పగించకుండా ఇంటికి తెచ్చి ఇనుప సందూకులో దాచుకున్నాడు.

మల్లక్క కేసు కాగితాలు చూస్తుంటే, వాంగ్మూలం అడుగున టైపు చేసినవారి పొడి అక్షరాల దగ్గర రుహీ ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న అక్షరాలు గుర్తుపట్టడానికి ఆమె వకీలు చదువు చదవక్కరలేదు. మొన్న ఆదివారం తండ్రి నెక్కొండలో పెళ్ళికి పోగానే సందూకు తాళం తీసింది.

“హన్మకొండల షార్ట్‌హ్యాండ్ నేర్పే సార్‌కు చూపిచ్చిన,” అంది రుహీ. “‘లారీ’ అన్న మాట దొరికింది. మల్లక్క పేరు దొరికింది. తక్కింది మీ నాయన సొంత గీతలమ్మా, ఆయన తప్ప ఎవ్వరు చదువలేరు అన్నడు. అందుకే నిన్ను బతిలాడుతాన. లేకుంటే నీ కాళ్ళు పట్టుకునేదాన్ని కాదు.”

“కాళ్ళు పట్టుకుంటానవా? నువ్వు గల్లా పట్టుకుంటానవ్.”

“మల్లక్క మూడుసార్లు చెప్పిందంట. ఎనుమాముల మార్కెట్ ఎనుక కోల్డ్ స్టోరేజీల, ఐలయ్య మిర్చి బస్తాలు దించుతాంటె, లారీ ఎనుకకు తీసింది ఓనర్ కొడుకే అని. కండ్లార చూసిన అని. నువ్వు కొట్టిన కాయితంల ఏమున్నదో తెలుసా? ‘సప్పుడు విని పోయి చూస్తే నా భర్త పడి ఉన్నాడు.’ అంతే! తీర్పుల ఏం రాసిండు రాంచందర్ సార్? ‘లారీ ఎవరు నడిపారో భార్యే చెప్పలేదు గనుక’ అని ఆ పిలగాన్ని ఇడిసిపెట్టిండు. చెప్పలేదంట! చెప్పింది వదిలేసింది ఆయనే, చెప్పలేదని రాసింది ఆయనే.”

“సర్కారు వకీలు, పీపీ ఉన్నడు గద. ఆయన అడగొద్దా?”

“నేను పీపీని అడుగుతలేను. ఆ పీపీ ఫోన్ చూసుకుంట కూసున్నడని మల్లక్క చెప్పింది. నేను మా అబ్బాను అడుగుతాన.”

మహమూద్ గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. తాగినంతసేపూ కళ్ళు మూసుకున్నాడు.

“రికార్డుల లేనిది జరగనట్టే బేటీ. ముప్ఫై రెండేండ్లు ఆ కుర్చీల కూసున్న. నాకు నేర్పకు.”

“రాసేటోడే వదిలిపెడితే?”

“పైకోర్టు ఉన్నది.”

“పైకోర్టు ఏం చూస్తది? నీ కాయితమే చూస్తది. కింది జడ్జిని బోనుల నిలబెట్టి ‘ఎందుకు రాయలే’ అని అడుగుడు కుదరదు. ఆయన తప్పు రాస్తె, పైనాయన ఆ తప్పును చదివి ఒప్పు అంటడు. గప్పుడు ఆ తప్పే ఇన్సాఫ్ అయితది.”

“కుదరొద్దు!” మహమూద్ గొంతు లేచింది. “ఓడిపోయిన ప్రతోడు జడ్జి కాలర్ పట్టుకుంటే రేపు దేశంల ఎవడు తీర్పు చెప్తడు? పైసలున్నోడే మొట్టమొదలు పట్టుకుంటడు, మల్లక్క కాదు. అందుకనే కానూన్ వాళ్ళకు అడ్డం నిలబడ్డది. అది నీకు చెప్పలేదా కాలేజీల?”

సుల్తానాకు ఆ మాట సబబుగానే తోచింది. ఈ మనిషి ఊరికే ముప్ఫై రెండేళ్ళు కోర్టులో కూచోలేదు, న్యాయం మీద ఎవరితోనైనా పొద్దుగూకే దాకా మాట్లాడగలడు. మాట్లాడడం వరకే.

“చెప్పిండ్రు,” అంది రుహీ. “భయం బుగులు లేకుండ తీర్పు చెప్పుమని అడ్డం నిలబడ్డది. బుగులు లేకుండ సాక్షి మాట మింగుమని కాదు. కంచె చేను మేస్తె కంచెను అడగొద్దు అంటానవ్ నువ్వు.”

“సార్‌ను అంత మాట అనకు.”

అప్పుడు సుల్తానా మొగుణ్ణి కొడుకు పేరు పెట్టి పిలుస్తూ నోరు తెరిచింది. “ఒక్కటి చెప్పుండ్రి ఆతిఫ్ అబ్బా. ఆయన లంచం తిన్నడా?”

“తౌబా! ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్త. ఆయన పరాయోల్ల చాయ్ గూడ తాగడు.”

“మరెందుకు రాయలే?”

మహమూద్ పళ్ళెం అంచు చూస్తూ అన్నాడు.

“ఒకటిన్నర అయింది. పొద్దటి సంది నలభై కేసులు. ఆమె ఏడ్చుకుంట చెప్పిందే చెప్తాంది. ‘కథలొద్దు మహమూద్, ఈమెను ముగించు, ఆకలైతాంది’ అన్నడు. నాలుగు లైన్లు చెప్పి లేచిపోయిండు.”

ఆకలి!

సుల్తానా చేతిలోని గరిటె గిన్నెలోకి జారింది. లంచమంటే ఆమెకు అర్థమయ్యేది. తిట్టుకోవడానికి ఒక దొంగ దొరికేవాడు. ఇదేమిటి? ఒక మనిషి లారీ కింద నలిగి చచ్చిపోతే, ఆ చావు ఎవరి వల్లనో చెప్పే మాట జడ్జిగారి టిఫిన్ డబ్బా ముందు ఓడిపోయింది. ఆ మాటను మింగి ఆయన అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, ప్రమోషన్ మీద హైదరాబాద్ పోయాడు. ఛీ, అనుకుంది. ఎవరిని అనుకుందో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

“ఇంకొకటి,” అంది రుహీ. ఇప్పుడామె గొంతు బాగా తగ్గింది, ఆ తగ్గడమే భయంగా ఉంది. “ఆ కాయితం అడుగున ఒక లైను ఉన్నది. ‘తెలుగులో చదివి వినిపించడమైనది, సరియైనదని సాక్షి ఒప్పుకొన్నది.’ ఎవరు చదివిండ్రు అబ్బా?”

“అది ప్రతి వాంగ్మూలం కింద ఉంటది.”

“ఎవరు చదివిండ్రు?”

“ఆ లైను కంప్యూటర్ల ముందే ఉంటది బేటీ. మీద వాంగ్మూలం కొడ్తం, కింద లైను అట్లనే ఉంటది.”

“అంటె సాక్షి బోనెక్కక ముందే ఒప్పుకున్నట్టు.”

“అందరు గట్లనే చేస్తరు!”

“అందరిని అడుగుతలేను.”

మహమూద్ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. “కోర్టు బుక్కు ఇంట్ల పెట్టుకున్నందుకు నా పెన్షన్ ఆపుతరు. అది పోనీ. ఆతిఫ్ కాంట్రాక్టు ఈ నెలాఖరుకు రెన్యూ కావాలె. కోర్టు ఆఫీసుల ఆ నౌకరి ఎవరి మాట మీద వచ్చిందో నీకు ఎరికలేదా? నీ తమ్ముడు రోడ్డున పడితె నీ కండ్లు చల్లగైతయా?”

రుహీ తల్లి వైపు చూసింది. “చూస్తానవా అమ్మీ? నువ్వన్న జర చెప్పు.”

సుల్తానా గిన్నె మీద మూత పెట్టింది. ఆ కాస్త పనికి ఎంత సేపు పట్టాలో అంతకు రెట్టింపు సేపు పట్టించింది.

రుహీకి తెలియనిది ఒకటుంది. నాలుగేళ్ళ కింద ఆ సాయంత్రం మహమూద్ ఇంటికొచ్చి నల్లా దగ్గర కూచొని, సబ్బు సగం అరిగేదాకా చేతులు కడిగాడు. ఏమైందని అడిగితే ఆ ఆడమనిషి చెప్పినవన్నీ మక్కీకి మక్కీ చెప్పాడు. చెప్పి, “పొద్దుగాల సార్‌కు యాద్ చెయ్యనా సుల్తానా? ఇంక టైం ఉన్నది, దిద్దొచ్చు,” అన్నాడు. అడగడమైతే అడిగాడు పాపం. అప్పుడామె ఏమన్నది? “మనకెందుకు? ఆతిఫ్ దరఖాస్తు సార్ టేబుల్ మీద ఉన్నది,” అన్నది. ఆ ఒక్క మాటతో మహమూద్‌కు గుండెల మీది బరువు దిగింది. ఆమె గుండెల మీదికి ఎక్కింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. తన పిడికెడు తక్కువదేమీ కాదని సుల్తానాకు తెలుసు.

“నేనేం చెప్త బేటీ? కోర్టు సంగతులు నాకేం ఎరిక?” అంది. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో విని తన మీద తనకే ఏవగింపు పుట్టింది.

తలుపు కొట్టిన చప్పుడైంది.

“నేనే రమ్మన్న,” అంది రుహీ.

“ఎవరిని?”

రుహీ పోయి తలుపు తీసింది. మిరపఘాటు ముందు లోపలికొచ్చింది, మల్లక్క తరవాత వచ్చింది. నెత్తి మీద గుడ్డసంచి. ఇన్నాళ్ళూ రుహీ పనిచేసే పెద్ద వకీలు ఆఫీసులోనే కలిసిన మనిషి, ఈ ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు. సంచి దించుతూ మహమూద్‌కు రెండు తుమ్ములు వచ్చేంత ఘాటు రేపింది.

“తేజ రకం మిర్చి వకీలమ్మా. మార్కెట్ల ఏరుడుకు పోతగద, మంచియి మంచియి ఏరి తెచ్చిన. ఉత్త చేతుల రావద్దని…” అంటూనే కిటికీ దగ్గరి మనిషిని చూసింది. చూసి రెండడుగులు ముందుకేసింది. “సారూ! నువ్వా సారూ?”

మహమూద్ కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

“యాదిలేనా? నేను సారూ, మల్లక్కను. ఐలయ్య పెండ్లాన్ని. ఆనాడు బోనుల కాళ్ళు వణికి పడబోతె నువ్వే గద నీళ్ళిచ్చింది!” ఆమె రుహీ చెయ్యి పట్టుకుంది. “మీ నాయననా బిడ్డా? అయ్యో, ముందుగాల చెప్పద్దా! ఆ కోర్టుల నా మొకం చూసి మాట్లాడింది ఈయనొక్కడే. జడ్జి సారు లేచిపోయిండు. నేను చెప్పిందంత రాసిండ్రా సారూ అని అడిగిన. ‘అంత ఉన్నదమ్మా, ఫికర్ చెయ్యకు, ఏలు పెట్టు’ అని నా ఏలు పట్టుకొని ముద్ర ఏపిచ్చిండు. దేవునసొంటి మనిషి.”

రుహీ ముఖంలో నెత్తురు లేదు. “ఏలు పట్టుకొని,” అంది తండ్రి వైపు చూస్తూ.

ఈ సంగతి సుల్తానాకూ కొత్త. అన్నీ చెప్పిన మనిషి ఇది మాత్రం చెప్పలేదు. నల్లా దగ్గర సబ్బు ఎందుకరిగిందో ఇప్పుడు తెలిసింది.

“కూసో మల్లక్కా,” అంది ఎట్లాగో. “అన్నం తిను.”

“తిన్ననక్కా. నీళ్ళు చాలు.” ఆమె కింద కూచుంది. దస్తర్‌ఖాన్ మీద నోటుబుక్కు కనబడింది. “గిదేనా బిడ్డా, నువ్వు ఫోన్ల చెప్పిన బుక్కు? నేను చెప్పింది చెప్పినట్టు ఉన్నదంటివి?”

“గిదే.”

“సారూ, ఒక్కసారి సదివి ఇనిపియ్యరాదు! ఆనాడు ఎవ్వరు ఇనిపియ్యలే. నాలుగేండ్లాయె, నేనే సరిగ్గ చెప్పలేదేమో, నా నోటితోనే వాన్ని ఇడిపిచ్చిన్నేమో అని కుమిలి కుమిలి సస్తాన. మా మరిది గూడ గదే అంటాండు, నువ్వు చెప్పక కేసు పాడు జేసినవ్ అని. ఒక్కసారి ఇంటె నా పానం నిమ్మలమైతది.”

ఆ అడిగిన మనిషికి ఇంకేమీ అక్కరలేదు. జైలు అడగలేదు, పరిహారం అడగలేదు. తన మాట తనకు వినిపించమంది. సుల్తానా మొగుడి వంక చూసింది. చదువు, అని మనసులో మొక్కింది. ఇప్పుడన్నా చదువు.

మహమూద్ వచ్చి కూచున్నాడు. కళ్ళద్దాలు తుడిచాడు, పెట్టుకున్నాడు. బుక్కు తీసి పేజీలు తిప్పాడు. వెతుక్కోలేదు, వేలు నేరుగా ఆ పేజీ మీదికే పోయింది.

“‘ఆ దినం పొద్దుగాల మేమిద్దరం పనికి పోయినం,’” చదివాడు. గొంతు కోర్టు గొంతులా ఎత్తుపల్లాలు లేకుండా ఉంది. “‘నేను తాలు కాయలు ఏరుతాన. మా ఆయన లారీ ఎనుక బస్తాలు దించుతాండు.’”

“ఆఁ, గట్లనే చెప్పిన,” అంది మల్లక్క. కళ్ళు అప్పుడే నిండాయి.

“‘లారీ కదిలింది. ఆగు ఆగు అని నేను మొత్తుకున్న. పక్కనోల్లు మొత్తుకున్నరు. ఆగలే…’”

“ఆఁ సారూ.”

మహమూద్ వేలు గీత మీద ఆగింది. గోడ గడియారం పక్కన ఆతిఫ్ ఫోటో ఉంది, కోర్టు ఐడీ కార్డు మెళ్ళో వేసుకొని తీయించుకున్నది. మహమూద్ తలెత్తి దాన్ని చూశాడు. మళ్ళీ తల దించాడు.

“ఈడ అలికిపోయింది,” అన్నాడు. “చెమ్మ తగిలినట్టున్నది. కనబడ్తలేదు.”

సుల్తానా ఆయన భుజం వెనకే ఉంది. ఆమెకు ఆ గీతలు చదవడం రాదు. కానీ అలికిపోయిన కాగితమేదో, అలకని కాగితమేదో చూడడానికి చదువక్కరలేదు. పేజీ కడిగిన పళ్ళెంలా శుభ్రంగా ఉంది.

“అబ్బా…” అంది రుహీ.

“కనబడ్తలేదన్న గద!”

మల్లక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తర్వాత ఎవరూ అనుకోని పని చేసింది. చెయ్యి చాచి మహమూద్ మోకాలు తట్టింది. “పోనీ తియ్యి సారూ. ముసలి కండ్లు, ఎంతకని చూస్తయ్. నా నసీబ్‌ల లేదు. నువ్వైతె ఆనాడు అంత రాసినవ్, గది చాలు. మంచోనివి నువ్వు.”

ఆ ‘మంచోనివి’ అన్న మాట సుల్తానా ఓర్చుకోలేకపోయింది. మొగుడు చెప్పిన అబద్ధం ఓర్చుకుంది, తను దాచిన మాట నాలుగేళ్ళు ఓర్చుకుంది. ఆ బీదరాలు వాళ్ళిద్దరి తరఫునా సర్దిచెప్పుకుంటుంటే మాత్రం ఆమెకు ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది.

“అలుకలే,” అంది.

“సుల్తానా!” అన్నాడు మహమూద్.

“అలుకలే. ఏమున్నదో నేను చెప్త.” ఆమె ఎవరినీ చూడలేదు. తన ఎదుటి గోడకు చెప్తున్నట్టే చెప్పింది. “‘స్టీరింగు ముంగట ఓనర్ కొడుకు కూసున్నడు. మేం మొత్తుకునేది వానికి ఇనబడలే, చెవులల్ల ఇయర్‌ఫోన్లున్నయ్. దిగిండు. మా ఆయన మొకం చూసిండు. ఇయర్‌ఫోన్ల వైరు నిమ్మలంగ చుట్ట చుట్టి జేబుల పెట్టుకున్నడు. గప్పుడు ఉరికిండు.’”

మహమూద్ కళ్ళద్దాలు తీసి బుక్కు మీద పెట్టాడు.

“చెప్పిన,” అంది మల్లక్క మెల్లగా. “చెప్పిన! వైరు చుట్టింది గూడ చెప్పిన. నేను చెప్పిన!” ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

రుహీ మాత్రం తల్లినే చూస్తోంది.

“అమ్మీ. ఇయర్‌ఫోన్ల ముచ్చట నేను నీకు చెప్పలే. కాయితంల లేదు. నీకెట్ల ఎరిక?”

సుల్తానాకు అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. “ఆ సాయంత్రమే చెప్పిండు మీ అబ్బా. దిద్దిపియ్యనా అని అడిగిండు గూడ. నేనే వద్దన్న.”

ఆ మాట రుహీకి తగిలింది, అది ఆమె ముఖంలో కనబడింది. మల్లక్కకు అందడానికి కొంత సేపు పట్టింది. ఆమె మొదట మహమూద్‌ను చూసింది, తర్వాత సుల్తానాను చూసింది. చివరికి తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది.

“నాలుగేండ్ల సందా అక్కా?” అంది. “మీ ఇద్దరికి ఎరికేనా?”

సుల్తానా తలూపింది.

మల్లక్క అరవలేదు, శపించలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని లేచింది. తెచ్చిన మిర్చి సంచి మూతి మళ్ళీ ముడేసి నెత్తికెత్తుకుంది.

“మల్లక్కా, ఆగు,” అంది రుహీ కంగారుగా. “ఇప్పుడే మనకు దారి దొరికింది. అమ్మీ చెప్తది, అబ్బాతోని సంతకం పెట్టిపిస్త. అప్పీలుల పెట్టే మెమో మీద నువ్వొక్క ఏలు ముద్ర ఎయ్యి, సోమవారం…”

“నా కాయితాలు నాకియ్యి బిడ్డా.”

“ఎందుకు?”

“నువ్వు మంచిదానివేనేమో. నాకు ఎరికలేదు. మంచోడని ఈయనను గూడ అనుకున్న.” మల్లక్క గడప దగ్గర నిలబడి చెయ్యి చాచింది. “ఈ ఇంట్ల ఏం రాసిచ్చినా నేనింక ఏలు పెట్ట. నా కాయితాలియ్యి, నేను పోవాలె.”